అర్జీదారు గిడుగు రామమూర్తి

శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార తీరాన ఉన్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు వేంకట రామమూర్తి జన్మించారు. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. తండ్రి 1875లో మరణించగా, విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువు సాగించారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో నెలకు 30 రూపాయల జీతంపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు.

ఆ ఊరికి కొండలు దిగివచ్చే సవరల భాష అధికారులకు తెలియదు. అధికారుల భాష సవరలకు తెలియదు. తమ బాధను విన్నవించుకోవడానికైనా మధ్యవర్తి కావలసిన దుస్థితి వారిది. రామమూర్తి ఆ భాష నేర్చి, పాఠ్యపుస్తకాలు వ్రాసి, సవర పిల్లలకు బడులు నడిపారు. ఆ కృషికి మెచ్చి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్ము తనకు వద్దని, దానితో సవరలకు మంచి బడి పెట్టించవలసినదని కోరారు. తనకు రావలసినదాన్ని ఇతరుల కొరకు అడిగిన అర్జీ అది.

తరువాతి వివాదం నేటి ఇంటర్మీడియట్ విద్యార్థులకు మరింత దగ్గరిది. తెలుగు వ్యాసరచన పరీక్షలో విద్యార్థి నాలుకపై ఉన్న భాషలో వ్రాయవచ్చునా, లేక గ్రాంథికంలోనే వ్రాయవలెనా అన్నది నాటి ప్రశ్న. వ్యావహారికానికి మొదట కొంత అనుమతి లభించింది. దానిని వ్యతిరేకిస్తూ జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెద్దలు ఊరూరా సభలు జరిపి ప్రభుత్వానికి విజ్ఞాపనలు పంపారు. విషయం మద్రాసు విశ్వవిద్యాలయ ఉపసంఘం ముందుకు వచ్చింది. పూర్వకవుల కావ్యాలలో, శాసనాలలో వ్యావహారిక రూపాలున్నాయని రామమూర్తి ఉదాహరణలతో వాదించారు. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. అయినా నిర్ణయం గ్రాంథికవాదుల పక్షానే వెలువడింది. సంతకాల సంఖ్యకు ఉన్న బరువు సాక్ష్యాలకు లేకపోయింది. రామమూర్తి నిరుత్సాహపడక 1919లో ‘తెలుగు’ అనే పత్రికను స్థాపించి, సంఘాలు కాదన్న వాదాన్ని ప్రజల ముందే ఉంచారు. ఆ ఏడాదే కందుకూరి వీరేశలింగం అధ్యక్షులుగా ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి ఆయన కార్యదర్శి అయ్యారు.

అన్నిటికన్నా కఠినమైన అర్జీ ఆయన వృద్ధాప్యంలో వచ్చింది. ప్రత్యేక ఒరిస్సా రాష్ట్రానికి ఎల్లలు నిర్ణయించడానికి 1931లో ఓడొనెల్ సంఘం ఏర్పడింది. నాడు పర్లాకిమిడి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. అక్కడి తెలుగువారు తాము మద్రాసు రాష్ట్రంలోనే ఉండాలని కోరారు. ఎవరి మాతృభాష ఏదన్న జనాభా లెక్కలే ఉభయపక్షాల వాదాలకు ఆధారమయ్యాయి. తెలుగువారి పక్షాన వినతిపత్రాలు సిద్ధం చేసి ముందు నిలిచినవారు రామమూర్తి. ఎదుటి పక్షాన ఉన్నది పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి. ఏ రాజవంశపు పాఠశాలలో బ్రతుకు గడిచిందో ఆ వంశపు ప్రభువుతోనే విరోధం తప్పలేదు. పైగా ఆ పోటీ సమానమైనది కాదు. రాజాకు లండనుదాకా పలుకుబడి ఉన్నది. 1930లో జరిగిన రౌండ్ టేబుల్ సమావేశంలోనే ఆయన ఒరిస్సా విషయాన్ని ప్రస్తావించారు. పట్టణవాసుల చేతిలో ఉన్నవి కాగితాలు, సంతకాలు మాత్రమే.

1933 నాటి శ్వేతపత్రం పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చలేదు. తెలుగువారి మొర ఆలకించబడినట్లే తోచింది. కాని 1934లో పార్లమెంటు సంయుక్త సంఘం ఆ నిర్ణయాన్ని మార్చింది. జమీందారీ రెండుగా చీలి, ఒక భాగం మద్రాసులో మిగిలింది; పట్టణం ఒరిస్సాకు పోయింది.

1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం అవతరించింది. అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని ఆనాడే విడిచి, డెబ్బది రెండేండ్ల రామమూర్తి రాజమహేంద్రవరం చేరారు. ఊరు విడిచినా సవరలను విడువలేదు. 1938లో ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 1940 జనవరి 15న పత్రికా సంపాదకులను సమావేశపరచి, వాడుకభాషను ఆదరించవలసినదని మరొకమారు అభ్యర్థించారు. ఆ తరువాత వారం రోజులకే, జనవరి 22న కన్నుమూశారు.