సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు దొరగారు
స్ప్రింగు దొరగారు 1849లో జన్మించిరి. 1904లో వారు చెన్నపురి పోర్టుట్రస్టున కధ్యక్షులగునాటికి రేవునకు ఇసుక పెనుభయముగా నుండెను. నైరృతి ఋతుపవనకాలమున అలలు ఏటవాలుగా తాకి తీరపు టిసుకను ఉత్తరమునకు నెట్టును. ఈశాన్యకాలమున కొంత మరలి వచ్చినను ఉత్తరమునకు బోవునదే యెక్కువ. 1876లో ఆరంభించిన రాతిగోడ లడ్డుపడగా దక్షిణమున నిసుక పేరుకొని మెరీనా తీరము విశాలమయ్యెను. ఇసుక రాని రాయపురపు టొడ్డును సముద్రము కోసివేసెను.

తూర్పుద్వారము పూడుచుండగా వారు దానిని మూయించి, ఈశాన్యమున క్రొత్తద్వారము దెఱపించి, దాని రక్షణకై గోడను సముద్రములోనికి పొడిగించిరి. ఇసుకతో పెనుగులాడక ఓడలకు వేఱు త్రోవ చూపుటయే వారి నేర్పని మేము తలంతుము.

ఆ కార్యాలయమున 1912లో గుమాస్తాగా చేరిన శ్రీనివాస రామానుజముగారి గణితప్రతిభను గుర్తించి తోడ్పడినవారిలో దొరగారొకరు. మన బాలురు వారి నెఱిగినచో ఇందుచేతనే. వారు 1919లో పదవి విడిచి 1933లో కీర్తిశేషులైరి.