దమిష్క్ సరాయి కట్టించిన అస్అద్ పాషా

ఈనాడు విమానమెక్కి కొన్ని గంటల్లో హజ్‌కు చేరుకుంటున్నాము. 18వ శతాబ్దంలో చుట్టుపక్కల దేశాల హాజీలు దమిష్క్ (డమాస్కస్) నగరంలో కూడి, ఒంటెల కాఫిలాగా ఎడారి దాటేవారు. ఆ కాఫిలాను క్షేమంగా తీసుకెళ్లి తీసుకురావడం అక్కడి గవర్నరు బాధ్యత. తుర్కీ సుల్తానుల పాలనలో 1743 నుండి 1757 వరకు ఆ పదవిలో ఉన్నవారు అస్అద్ పాషా అల్ అజమ్. తండ్రి ఇస్మాయిల్ పాషా, పినతండ్రి సులేమాన్ పాషా కూడా అదే గద్దె మీద కూర్చున్నవారే.

దారిలోని అరబ్బు తెగలకు ముట్టవలసిన సొమ్ము ముట్టజెప్పి, సైన్యాన్ని వెంట పెట్టుకుని ఆయన ఏటేటా కాఫిలాను నడిపించారు. అంతమాత్రాన అందరూ ఆయనను మెచ్చుకున్నారని కాదు. 1746లో ఎదురు తిరిగినవారిని కఠినంగా అణచివేశారు. ఆయన మహలు కడుతున్న రోజుల్లో ఊళ్ళో కలప, రాయి, పనివాళ్లు ఇతరులకు దొరకలేదని అహమద్ బుదైరీ అనే మంగలి తన రోజువారీ రాతల్లో రాసి పెట్టుకున్నాడు. పాషాలను పొగిడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ మంగలి రాత కూడా మిగలడం మన అదృష్టమనే అంటాను.

మహలు తర్వాత 1751-52లో సుగంధ ద్రవ్యాల బజారులో సరాయి కట్టించారు. అక్కడ సరాయిని ఖాన్ అంటారు, మన పేర్ల చివర వచ్చే ఖాన్‌కూ దీనికీ సంబంధం లేదు. నల్లరాయి ఒక వరుస, తెల్లరాయి ఒక వరుస పేర్చిన గోడలు. లోపల నాలుగు పెద్ద రాతి స్తంభాలు, వాటి మీద గుంబజులు, నడుమ నీళ్ల హౌజు. కింద సరుకుల కొట్లు, పైన బస గదులు. బాగ్దాదు, మోసుల్, అలెప్పోల నుండి వచ్చిన సౌదాగర్లు సరుకు దింపి, పైకెళ్లి నిశ్చింతగా నిద్రపోవచ్చు.

1757లో పాషాను పదవి నుంచి దించేశారు. ఆ ఏడే కొత్త గవర్నరు చేతిలోని కాఫిలా మీద బనూ సఖ్ర్ తెగవారు పడ్డారు. కత్తికీ దాహానికీ వేలాది హాజీలు బలయ్యారు. పదవి పోయిన కోపంతో పాషాయే తెగలను ఉసిగొల్పారని అనుమానించారు. 1758లో సుల్తాను హుకుంతో ఆయన ప్రాణం తీశారు, ఆస్తి జప్తు చేశారు. అసలు నేరం ఎంతో, ఆ ఆస్తి మీద కన్ను ఎంతో అల్లాకే ఎరుక.

మరుసటి ఏడు, 1759 అక్టోబరు 30న, మళ్లీ నవంబరు 25న భూమి కంపించింది. ఉమయ్యద్ మసీదు దెబ్బతిన్నది. సరాయి గుంబజులు మూడు కూలిపోయాయి. కట్టించిన మనిషి లేడు, ఆయన సొమ్మూ లేదు. కూలినచోట చెక్కపలకలు పరిచి కప్పేశారు. ఆ కప్పు కిందనే ఒంటెలు వచ్చాయి, బేరాలు సాగాయి. గుంబజు లేదని ఏ సౌదాగరూ సరుకు వెనక్కి తీసుకుపోలేదు! తాత్కాలికం అనుకున్న ఏర్పాటు తరాల తరబడి నిలిచిపోయింది. 20వ శతాబ్దంలో ఒంటెల కాఫిలాలు పోయి, సరాయిలో చిన్న కార్ఖానాలు వెలిశాయి.

చివరకు పురాతన కట్టడమని గుర్తించి మరమ్మతుకు పూనుకున్నారు. పలకలు తీసేసి, కూలిన గుంబజులను మళ్లీ కట్టారు. ఆ పని 1990 నాటికి పూర్తయింది, అంటే భూకంపం వచ్చిన 231 ఏళ్లకు. భారం మోసింది మాత్రం పాషా నిలబెట్టిన ఆ నాలుగు స్తంభాలే.