తీతువు అరిచింది ఎందుకంటే

పోయిన ఏప్రిల్‌లో ల్యాబ్ ఎగ్జామ్స్ అయిపోయాక నలుగురం రెండు బళ్ల మీద భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లాం. వైజాగ్‌లో పెరిగినవాళ్లకి ఎడారి అంటే ముందు గుర్తొచ్చేది అదే, సినిమా పాటల పుణ్యమా అని. నిజానికి అది ఎడారి కాదు, సముద్రం ఒడ్డున వేల ఏళ్లుగా పోగుపడిన ఇసుక. 2014లో జియలాజికల్ సర్వే వాళ్లు దాన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అదేమీ తెలీని మేం బళ్లు లోపలికి పోనిచ్చాం. ఒక తీతువు పిట్ట మా తలల మీద తిరుగుతూ ఒకటే అరుపు. భలే కంటెంట్ దొరికిందని దాని వెనకే పరిగెత్తి రీల్ తీశాను. లైకులు బాగానే వచ్చాయి.

తర్వాత లైబ్రరీలో సలీం అలీ గారి పక్షుల పుస్తకం తిరగేస్తుంటే తెలిసింది. తీతువు చెట్టు మీద గూడు కట్టదు. నేల మీదే, రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. మనిషి దగ్గరికొస్తే అలా గోల చేస్తుంది. ఆ రోజు నేను దేని మీద కాలు వేశానో ఇప్పటికీ నాకు తెలీదు.

ఆ పుస్తకం రాసినాయన కథ మొదలైంది కూడా ఒక పిట్ట చావుతోనే.

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. ఊహ తెలిసేసరికే అమ్మానాన్నా ఇద్దరూ లేరు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగారు. ఆ ఇంట్లో వేటంటే సరదా. పదేళ్లప్పుడో ఎప్పుడో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకని కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో తెలుసుకోడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్తే, సెక్రటరీ మిల్లార్డ్ పేరు చెప్పి పంపెయ్యలేదు. అక్కడ భద్రపరిచిన పక్షులన్నీ చూపించాడు, చదవమని పుస్తకాలిచ్చాడు.

తర్వాత సినిమాలోలాగా అంతా సాఫీగా ఏమీ జరగలేదు. బర్మా వెళ్లి కుటుంబ వ్యాపారం చూసుకున్నారు, కలిసి రాలేదు. యూనివర్సిటీ డిగ్రీ లేదని జువలాజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. (ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఇది చదివి నాకు కాస్త ధైర్యం వచ్చింది, మా నాన్నకి చెప్పకండి.) 1926లో మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి స్ట్రెస్‌మాన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకుని వచ్చేసరికి ఆ ఉద్యోగం కూడా లేదు. సముద్రం ఒడ్డున కిహీం అనే పల్లెలో ఉన్న ఇంటికి మారిపోయారు.

నాకు బాగా నచ్చిన భాగం ఇక్కడే. చేతిలో పని లేదు, ఎదురుగా గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నాయి. రోజుల తరబడి కదలకుండా కూర్చుని చూశారు. మగపిట్ట గూడు సగం అల్లుతుంది, ఆడపిట్ట వచ్చి చూసుకుని నచ్చితేనే ఉంటుంది. అప్పుడు దాన్ని పూర్తి చేసి, మగపిట్ట ఇంకొక గూడు, ఇంకొక ఆడపిట్ట కోసం మొదలుపెడుతుంది. ఇదంతా తెలుసుకోడానికి తుపాకీ అక్కర్లేదు, ఓపిక చాలు.

అలాగని ఆయన తుపాకీ వదిలేశారని రాస్తే అబద్ధం. హైదరాబాద్ సంస్థానంతో సహా ఎన్నో చోట్ల సర్వేలు చేశారు, నమూనాల కోసం పక్షుల్ని కొట్టారు. అప్పటి శాస్త్రం పద్ధతి అదే. తెలిసి కూడా ఆ పేజీలు చదివేటప్పుడు నాకు ఇబ్బందిగానే ఉంది. ఆ క్యాంపులకి భార్య తెహమీనా కూడా తోడు వెళ్లేవారు. 1939లో ఆపరేషన్ తర్వాత ఆమె చనిపోయారు. రెండేళ్లకి, 1941లో, నేను లైబ్రరీలో చూసిన ఆ పుస్తకం మొదటిసారి వచ్చింది.

అసలు ఎడారికి ఆయన వెళ్లింది కచ్‌లో. ఫ్లెమింగోలంటే మనకి పులికాట్, సూళ్లూరుపేట గుర్తొస్తాయి. అవి లక్షల్లో చేరి బురదతో గూళ్లు కట్టేది మాత్రం ఆ రణ్‌లో, ఉప్పునీళ్ల మధ్య. అలజడి ఎక్కువైతే గూళ్లు వదిలేసి పోగల పక్షులవి. 1945లో ఆయన అక్కడికి వెళ్లి వాటిని చూశారు, ఆ ఏడాదే కచ్ పక్షుల మీద పుస్తకం వచ్చింది.

ఆయన చివరి రోజుల్లో మన కడప జిల్లాలో ఒక సంగతి జరిగింది. 1900 తర్వాత ఎవరికీ కనపడని కలివి కోడి 1986 జనవరిలో ముళ్లపొదల అడవిలో దొరికింది. వెతికింది ఆయన సొసైటీ వాళ్లే, పట్టిచ్చింది ఊళ్లో వేటగాడు. పట్టుకున్న ఆ పిట్ట మాత్రం బతకలేదు. తర్వాత వెతికినవాళ్లు పద్ధతి మార్చారు. మెత్తటి మట్టి పరిచి అడుగుల గుర్తులు చూశారు, మనిషి లేకుండా ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. సలీం అలీ 1987 జూన్ 20న పోయారు. ఆ మరుసటి ఏడే లంకమల అభయారణ్యం వచ్చింది.

ఈ మార్చిలో మళ్లీ దిబ్బలకి వెళ్లాం. బళ్లు రోడ్డు మీదే పెట్టి, జనం నడిచే దారిలోనే నడిచాం. స్పీకర్ తేలేదు. ఒక మలుపు దగ్గర తీతువు అరిచింది. నలుగురం ఆగి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాం. వ్యాసంతో పాటు ఫోటో కావాలని ఎడిటర్ అడిగింది. లేదని చెప్పాను.