పుల్లని పాలలో ఆయుష్షును వెతికిన మెచ్నికోవ్

గోరువెచ్చని పాలలో కాస్త తోడు వేసి మూత పెడితే తెల్లారేసరికి పెరుగు తోడుకుంటుంది. మన అమ్మలు, అమ్మమ్మలు ఈ పనిని ఏ పుస్తకం చూసీ నేర్చుకోలేదు. కానీ ఆ తోడులో ఉన్నదేమిటి, అది మన కడుపులోకి వెళ్లి ఏం చేస్తుంది అని పట్టుబట్టి ఆలోచించిన గొప్ప శాస్త్రవేత్త ఒకరున్నారు. ఆయనే ఇల్యా మెచ్నికోవ్. ఈ వార్షికోత్సవ సంచికలో మన హాస్టల్ మిత్రులకు ఆయన జీవితాన్ని పరిచయం చేయాలని మేము అనుకున్నాము. ఎందుకంటే ఆయన కథ కేవలం పెరుగు కథ కాదు. బతుకు మీద ఆశ వదులుకున్న మనిషి మళ్లీ ఎలా నిలబడ్డాడో చెప్పే కథ.

మెచ్నికోవ్ 1845 మే నెలలో ఖార్కివ్ దగ్గర ఒక పల్లెలో జన్మించారు. అది ఆనాడు రష్యా సామ్రాజ్యంలో ఉండేది, నేడు ఉక్రెయిన్‌లో ఉంది. తండ్రి సైన్యంలో అధికారి. చిన్ననాటి నుండే ఆయనకు మొక్కలు, పురుగులు అంటే ఎంతో ఇష్టం. వైద్యం చదవాలనుకున్నారు గాని, ఆయన మనసు చాలా సున్నితమైనదని తెలిసిన తల్లి ప్రకృతి శాస్త్రాలు చదవమని సలహా ఇచ్చింది. ఖార్కివ్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల చదువును రెండేళ్లలోనే ముగించి 1864లో బయటకు వచ్చారు. తర్వాత జర్మనీలో, ఇటలీలో పరిశోధనలు చేసి, 1870లో ఒడెసాలో ప్రొఫెసర్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లే.

ఇంత తెలివితేటలు ఉన్నా కష్టాలు ఆయనను వదలలేదు. 1869లో లుద్మీలాను పెళ్లి చేసుకున్నారు. పెళ్లి నాటికే ఆమెకు క్షయ వ్యాధి ఉంది. నడవలేక కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసుకువెళ్లారు. భార్యను బతికించుకోవాలని ఆయన ఎంతో పాటుపడ్డారు. అయినా 1873లో ఆమె కన్నుమూసింది. ఆ దుఃఖంలో మెచ్నికోవ్ ప్రాణం తీసుకోబోయారు. అదృష్టం కొద్దీ బతికి బయటపడ్డారు. ఆ రాత్రి జెనీవాలో వంతెన మీద దీపం చుట్టూ తిరుగుతున్న పురుగులు ఆయన కంట పడ్డాయట. తిండి కూడా తినకుండా కొద్ది గంటలే బతికే ఈ జీవులకు ప్రకృతి వరణం ఎలా వర్తిస్తుందా అన్న ప్రశ్న మనసులో మెదిలింది. ఆ ప్రశ్నే ఆయనను మళ్లీ చదువు వైపు, బతుకు వైపు లాక్కొచ్చింది. ఈ సంగతిని ఆయన రెండవ భార్య ఓల్గా తాను రాసిన జీవిత చరిత్రలో తెలిపింది.

1881లో రష్యా చక్రవర్తి హత్య జరిగిన తర్వాత విశ్వవిద్యాలయాల్లో అలజడి పెరిగింది. మెచ్నికోవ్ 1882లో ఉద్యోగం వదిలేసి ఇటలీలోని మెస్సినా అనే సముద్రతీర పట్టణానికి చేరారు. ఒకనాడు ఇంట్లో వాళ్లంతా సర్కస్ చూడటానికి వెళ్లగా ఆయన ఒక్కరే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నారు. అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లలో తోటలోని ముల్లును గుచ్చి చూశారు. తెల్లవారి చూస్తే ఆ ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. మన రక్తంలోని తెల్లకణాలు కూడా ఇలాగే రోగక్రిములను చుట్టుముట్టి మింగేస్తాయని ఆయన చెప్పారు. చాలామంది ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి వాదించి, ప్రయోగాలు చేసి నిరూపించారు. 1888లో లూయీ పాశ్చర్ ఆయనను పారిస్‌లోని తన సంస్థలో చేర్చుకున్నారు. ఈ కృషికే 1908లో పాల్ ఎర్లిచ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఇక పెరుగు విషయానికి వద్దాం. పాలు పులియడానికి కారణం సూక్ష్మజీవులేనని 1857లోనే పాశ్చర్ చూపారు. వాటిని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా అంటారు. ఇవి పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేస్తాయి. ఆ పులుపుకు పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి పెరుగవుతుంది. పులుపులో కుళ్లబెట్టే క్రిములు అంతగా పెరగలేవు. పచ్చిపాల కన్నా పెరుగు ఎక్కువసేపు నిలవ ఉండేది అందుకే.

మెచ్నికోవ్ ఆలోచన ఇక్కడే మొదలైంది. పెద్దపేగులో ఆహారం కుళ్లి పుట్టే విషాలే మనిషిని త్వరగా ముసలివాణ్ణి చేస్తాయని ఆయన నమ్మారు. పులుపు పాలను నిలవ ఉంచినట్లే పేగును కూడా కాపాడుతుందేమో! బల్గేరియా పల్లెల్లో పుల్లని పాలు తాగేవారు ఎక్కువ కాలం బతుకుతారన్న మాట ఆయన దృష్టిని ఆకర్షించింది. 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా యువకుడు జెనీవాలో ఆ పెరుగులోని బాక్టీరియాను గుర్తించారు. పాలను బాగా కాచి, శుద్ధమైన బాక్టీరియాతో తోడుపెట్టి తాగమని మెచ్నికోవ్ చెప్పారు, తానూ రోజూ తాగారు. 1907లో దీని మీద పుస్తకం ప్రచురించారు. ఊరూరా పుల్లని పాలకు గిరాకీ పెరిగింది.

ఆయన చెప్పినదంతా నిజం కాలేదు. బల్గేరియా బాక్టీరియా మన పేగులో స్థిరపడి ఉండలేదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. పెరుగు తింటే నూరేళ్లు బతుకుతామని ఎవరూ రుజువు చేయలేదు. కానీ కడుపులోని సూక్ష్మజీవులకు, ఆరోగ్యానికి సంబంధం ఉందన్న ఆయన ఆలోచన మాత్రం నిలిచింది. ఆ దారిలోనే జపాన్‌లో మినోరు షిరోటా 1930లో మరొక లాక్టిక్ బాక్టీరియాను ఎంచుకుని పెంచారు, 1935లో దానితో పాల పానీయం వచ్చింది. జపాన్ వారి సోయా వంటకాల్లోనూ ఈ బాక్టీరియాకు చోటుంది. మిసో ముద్ద, సోయాసాస్ తయారీలో ముందు ఒక రకం బూజు సోయా గింజల్లోని మాంసకృత్తులను విడగొడుతుంది, ఆపై ఉప్పును తట్టుకునే లాక్టిక్ బాక్టీరియా పులుపును, రుచిని ఇస్తుంది. మన ఇడ్లీ పిండి పొంగడం వెనుకా ఈ కుటుంబపు జీవులే ఉన్నాయి.

మెచ్నికోవ్ 1916 జూలై 15న 71వ ఏట పారిస్‌లో గుండె జబ్బుతో మరణించారు. ఆయన చితాభస్మాన్ని పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలోనే భద్రపరిచారు.

మిత్రులారా! 28 ఏళ్ల వయసులో ఆ రాత్రే ఆయన కథ ముగిసి ఉంటే తెల్లకణాల రహస్యం ఆయన చేతి మీదుగా బయటపడేది కాదు. ఏటా పరీక్ష ఫలితాలు వచ్చిన రోజున ఎక్కడో ఒకచోట మన వయసు పిల్లలు నిరాశకు లోనైన వార్త వింటూనే ఉన్నాము. మార్కులు తగ్గినా, ఇంట్లో కష్టం వచ్చినా ఆ చీకటి అలాగే ఉండిపోదు. అలాంటి ఆలోచన వచ్చినప్పుడు వార్డెన్ సార్‌తోనో, టీచర్‌తోనో, పక్కన పడుకునే స్నేహితునితోనో చెప్పుకుందాం. మెస్‌లో కంచంలో పడే మజ్జిగను చూసి కూడా ఒక ప్రశ్న అడగడం నేర్చుకుందాం. రేపటి మెచ్నికోవ్‌లు మన హాస్టళ్ల నుండి కూడా రావాలని మేము మనసారా కోరుకుంటున్నాము.