వాక్కు, లిపి, అచ్చు: గిడుగు రామమూర్తి పంతులు గారు

ఒడిశాలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు పర్లాకిమిడి పరాయి ఊరు కాదు. వ్యావహారిక భాషోద్యమ పితామహులైన శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు తమ జీవితంలో అధికభాగం అక్కడనే గడిపారు.

వారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్ర సమీపమున పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే పితృవియోగం కలిగింది. విజయనగరంలో చదువుకొనునపుడు గురజాడ అప్పారావు గారు వారికి సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతంపై ఉపాధ్యాయులుగా చేరారు.

ఆ పరిసరాల కొండలలో నివసించే సవరల భాషకు అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు. వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని పంతులు గారు సంకల్పించారు. ఆ భాష తెలిసినవారిని ఇంటికి పిలిపించుకొని నేర్చుకొన్నారు, అడవులలో తిరిగారు, తెలుగు లిపిలో వాచకాలు వ్రాశారు. నోట పుట్టి గాలిలో కలిసిపోయే పలుకును అక్షరంలో నిలుపుట ఎంత కష్టమో వారికి అనుభవంలోనికి వచ్చింది. తెలుగులో లేని ధ్వనిని తెలుగు అక్షరంతో ఎట్లు సూచించడం? లిపి భాషకు ధరింపజేసిన వస్త్రమే గాని భాష కాదన్న ఎరుక వారికి గ్రంథాలకంటె ముందుగా ఈ కొండలలోనే కలిగి ఉంటుందని నా నమ్మకం. అడవులలో సోకిన మలేరియాకు వాడిన క్వినైను వలన వారికి చెవుడు వచ్చింది. జీవితమంతా మనుషుల మాటను ఆలకించిన వ్యక్తికి వినికిడి పోవుట ఎంత దారుణం!

1906 ప్రాంతాన పాఠశాలల పరీక్షాధికారి జె. ఏ. యేట్సు దొర, ప్రజలు మాట్లాడే తెలుగుకూ పాఠ్యపుస్తకాల తెలుగుకూ ఇంత దూరమేమిటని సందేహించాడు. పంతులు గారి సమాధానం సుదీర్ఘమైన ఉద్యమమైంది. తాళపత్రాలలోని వచన వ్యాఖ్యానాలను తిరగవేసి, పూర్వులు వచనంలో నాటి వాడుక రూపాలను నిస్సంకోచంగా ప్రయోగించారని చూపారు. గ్రాంథికమే శరణ్యమన్న పండితుల రచనలలోనే వ్యాకరణ దోషాలను ఏరి చూపారు. తాళపత్రం ఎరిగిన వైవిధ్యాన్ని అచ్చుయంత్రమూ, దాని వెంట వచ్చిన పాఠ్యపుస్తకమూ ఒక్క మూసలో పోశాయి. మూసయే భాష యని లోకం భ్రమపడింది. (ఈ వ్యాసం సైతం ఆ మూస వాసన వీడలేదు. పంతులు గారు చూస్తే ఎఱ్ఱసిరా పట్టేవారే!)

ప్రతిపక్షం సామాన్యమైనది కాదు. 1911లో జయంతి రామయ్య పంతులు గారి పూనికతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. స్కూలు ఫైనలు వ్యాసరచనలో వాడుక భాషకు లభించిన అనుమతి వివాదం ముదరగానే వెనుకకు పోయింది. బడిలో ఓడిన వాదాన్ని పంతులు గారు పత్రికకు తీసుకొనిపోయి, 1919లో ‘తెలుగు’ అను మాసపత్రికను నడిపారు. సవర భాషాధ్యయనాన్నీ విడువలేదు. వారి సవర వ్యాకరణం 1931లో వెలువడింది.

1936లో పర్లాకిమిడి ఒడిశా రాష్ట్రంలో చేరినప్పుడు, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి డెబ్బది మూడవ ఏట రాజమహేంద్రవరం చేరారు. ఇక్కడనే ఉండి తెలుగు నిలుపుకొన్న మనకు ఆ నిర్ణయం కొంత బాధాకరమే.

1940 జనవరి 15న మద్రాసులో ‘ప్రజామిత్ర’ కార్యాలయంలో పత్రికా సంపాదకుల యెదుట, జనం మాట్లాడే భాషలో పత్రికలు వ్రాయమని తుది విన్నపం చేశారు. పండిత పరిషత్తులను కాక పత్రికలనే వారు చివరకు నమ్ముకొన్నారు. వారం దినాలకు, జనవరి 22న, కన్నుమూశారు.