పరదేశమున పంతులమ్మ: షార్లెట్ బ్రాంటీ చరిత్రము

ఆంగ్లసాహిత్యమును చదువువారిలో జేన్ ఐర్ అను నవల పేరు విననివారు అరుదు. కాని దానిని రచించిన షార్లెట్ బ్రాంటీ గ్రంథకర్త్రి యగుటకు పూర్వము పంతులమ్మగా నుండెననియు, అందును స్వదేశమును విడిచి, పరాయిభాష మాటలాడు నగరమున స్వల్పవేతనమునకు ఆంగ్లము బోధించెననియు పెక్కురెరుగరు. ఆమె గ్రంథముల గుణదోషములను విమర్శకులు విచారింతురు గాక. ఉపాధ్యాయవృత్తి యందున్న మేము ఆమె తరగతిగదిలో గడపిన దినములను గూర్చియే యిచట వ్రాయ నుద్దేశించితిమి.

షార్లెట్ 1816వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన ఇంగ్లాండులోని యార్కుషైరు మండలమందు థార్న్‌టన్ గ్రామమున జన్మించెను. తండ్రి పాట్రిక్ బ్రాంటీగారు ఐర్లాండు దేశీయులు. ఆంగ్లికను సంఘమున పాదిరి. 1820లో ఆయన హావర్తు గ్రామమునకు వచ్చి కాపురముండిరి. మరుసటి యేడే తల్లి మరణించెను. ఆరుగురు బిడ్డలను పెంచు భారము పెత్తల్లి ఎలిజబెత్ బ్రాన్‌వెల్ వహించెను. 1824లో నలుగురు బాలికలను కవన్ బ్రిడ్జి యనుచోట పాదిరుల కుమార్తెలకై పెట్టిన బోర్డింగు పాఠశాలకు పంపిరి. అచ్చటి తిండియు, చలియు వారి దేహములకు సరిపడలేదు. పెద్దవారిద్దరు, మరియయు ఎలిజబెత్తును, జబ్బుపడి యింటికి వచ్చి 1825లో కన్నుమూసిరి. ఆ విధముగా తొమ్మిదేండ్ల షార్లెట్ ఆ యింట పెద్దబిడ్డ యయ్యెను.

తరువాత ఆమె రో హెడ్డు పాఠశాలలో మిస్ వూలరుగారి యొద్ద చదివి, 1835 మొదలు అచ్చటనే పంతులమ్మగా పనిచేసెను. పిమ్మట రెండు కుటుంబములలో పిల్లలకు చదువు చెప్పుచు ఇంటి యుపాధ్యాయినిగా నుండెను. ఆ కొలువు ఆమెకు మిక్కిలి కష్టముగా తోచెను. దొరల యింట ఇంటి యుపాధ్యాయిని అటు బంధువును గాదు, ఇటు పనికత్తెయును గాదు. పగలు పిల్లలను కనిపెట్టవలెను, రాత్రి బట్టలు కుట్టవలెను. తమ్ముడును చెల్లెండ్రును దగ్గరనుండి విడిపోకుండ తామే ఒక పాఠశాలను స్థాపించుకొనవలెనని అక్కచెల్లెండ్రు తలంచిరి. కాని మంచి పాఠశాలకు ఫ్రెంచియు జర్మనును తెలిసిన పంతులమ్మలు కావలెను. అందులకై పెత్తల్లి తాను కూడబెట్టుకొన్న ధనములో కొంత యిచ్చెను.

1842 ఫిబ్రవరిలో తండ్రిగారు స్వయముగా వెంటబెట్టుకొని షార్లెట్‌ను, చెల్లెలు ఎమిలీని బెల్జియము రాజధానియగు బ్రస్సెల్సు నగరమునకు తీసికొనిపోయిరి. ఇజబెల్ వీధిలో హెజే దొరసానిగారు నడపుచుండిన బాలికల పాఠశాలలో వారు చేరిరి. అందు సుమారు 40 మంది పగటి విద్యార్థినులును, 12 మంది బోర్డరులును ఉండిరి. ఇరువదియాఱేండ్ల వయస్సున షార్లెట్ చిన్నపిల్లల నడుమ బల్లపై మరల కూర్చుండెను. దొరసానిగారి భర్త కాన్‌స్టంటిన్ హెజేగారు సాహిత్యము బోధించుచుండిరి. ఆయన పద్ధతి మెచ్చదగినది. మొదట ఫ్రెంచి రచయితల మేలైన వ్రాతను చదివి వినిపించి, దాని యందము ఎచ్చట నున్నదో విప్పి చూపి, పిమ్మట అట్టి విషయము పైననే స్వయముగా వ్రాయుమనువారు. వ్రాసినదానిలో అనవసరమైన ప్రతి మాటను నిర్దాక్షిణ్యముగా కొట్టివేయువారు. ఆరునెలలు గడచిన పిమ్మట షార్లెట్ ఆంగ్లమును, ఎమిలీ సంగీతమును బోధించుటయు, దానికి బదులుగా భోజనమును చదువును పొందుటయు ఏర్పాటయ్యెను.

ఆ సంవత్సరాంతమున పెత్తల్లి మరణవార్త రాగా ఇరువురును హావర్తునకు తిరిగివచ్చిరి. హెజేగారు వారి తండ్రిగారికి లేఖ వ్రాసి, వారి చదువు నడుమ ఆగరాదని హెచ్చరించిరి. ఎమిలీ యిల్లు కదలనన్నది. 1843 జనవరిలో షార్లెట్ ఒంటరిగా బయలుదేరెను. రైలు ఆలస్యమై రాత్రి పది గంటలకు లండను చేరగా, ఆమె ఎచ్చటను బసచేయక తిన్నగా రేవునకు పోయి ఆ రాత్రియే ఓడ నెక్కెను. ఆ కాలమున ఒక పాదిరిగారి కుమార్తె తోడులేక ఇట్లు ప్రయాణము చేయుట సామాన్యమైన మాట గాదు.

ఈసారి ఆమె విద్యార్థిని గాదు, జీతము పుచ్చుకొను పంతులమ్మ. జీతము సంవత్సరమునకు 16 పౌనులు. జర్మను పాఠములకై నెలకు 10 ఫ్రాంకులు తానే చెల్లించుకొనుచుండుటచే ఆ జీతములో నాలుగవవంతుకు మించి చదువునకే పోవుచుండెను. స్వదేశమున 50 పౌనుల కొలువు కాదని దీనిని కోరి పోయెను గనుక, ఊరివారు ఆమె పెండ్లికుమారుని వెదకికొనుటకే సముద్రము దాటినదని గుసగుసలాడిరి. జ్ఞానమునకై యొక స్త్రీ నష్టమునకు పాల్పడునని వారికి తోచకపోయెను.

ఆమె దినచర్య కఠినముగా నుండెను. కొందరు విద్యార్థినులు ఆమెకంటె బలిష్ఠులు, అల్లరివారు. ఆమెయో పొట్టిది, సిగ్గరి, చూపు మందము. తరగతిలో క్రమము నిలుపుటకు తాము వచ్చి కూర్చుందుమని హెజేగారు చెప్పగా, తన తరగతిని తానే అదుపులో నుంచుకొందునని ఆమె నిరాకరించెను. ఈ మాటలోని పౌరుషమును ఉపాధ్యాయులందరు గ్రహింపగలరు. హెజేగారికిని, ఆయన బావమరదికిని ఆమె ఆంగ్లము నేర్పెను. అయితే ఆమెయందు లోపము లేకపోలేదు. బెల్జియము బాలికల స్వభావమును గూర్చియు, వారి మతాచారములను గూర్చియు ఆమె తన లేఖలలో మిక్కిలి పరుషముగా వ్రాసెను. పరదేశమున ఒంటరితనము మనుష్యుని తీర్పును వంకర చేయునని మేము తలంతుము.

ఆ సంవత్సరము ఆగస్టులో దీర్ఘావకాశము వచ్చెను. బాలికలు ఇండ్లకు పోయిరి. హెజేగారి కుటుంబమును ఊరు విడిచెను. శూన్యమైన ఆ పెద్ద భవనమున షార్లెట్‌కు మాటలాడుటకు మనసు కలిసినవారు లేకపోయిరి. ఆమె దినమెల్ల వీధుల వెంట తిరుగుచుండెను. కడచిన యేడు ఆ నగరముననే మరణించిన స్నేహితురాలు మార్తా టేలర్ సమాధిని దర్శించెను. సెప్టెంబరు 1వ తేదీ సాయంకాలమున సెయింట్ గుడ్యూల్ దేవాలయములో ప్రవేశించి, ప్రొటెస్టెంటు పాదిరి కుమార్తె యయ్యును, కాథలిక్కు గురువు నెదుట మోకరించి తన మనోవేదనను చెప్పుకొనెను. ఎవరైనను తన మాట వినవలెనను తహతహ ఎంతటిదో దీనివలన తెలియగలదు.

ఆ వేదనకు మరియొక కారణమును గలదు. తన బుద్ధిని గుర్తించిన మొదటి గురువగు హెజేగారియందు ఆమెకు గురుభక్తిని మించిన యనురాగము కలిగెను. ఆయన భార్యాబిడ్డలు గలవారు. దొరసానిగారు దీనిని కనిపెట్టి దూరముగా మెలగిరి. షార్లెట్ హద్దు మీరక, 1844 జనవరి 1వ తేదీన బ్రస్సెల్సు విడిచెను. హెజేగారు ఆమె బోధనాశక్తిని తెలుపు యోగ్యతాపత్రమును రాజ పాఠశాల ముద్రతో ఇచ్చిరి. ఆమె ఇంటినుండి వ్రాసిన లేఖలకు ప్రత్యుత్తరములు అరుదై, కడకు నిలిచిపోయెను. వానిలో నాలుగింటిని హెజేగారి బిడ్డలు 1913లో బ్రిటిషు మ్యూజియమునకు అర్పింపగా, లోకమునకు ఆమె దుఃఖము తెలియవచ్చెను.

ఇంతటి కష్టమునకు ఫలముగా కోరిన పాఠశాల ఏమయ్యెను? 1844లో అక్కచెల్లెండ్రు ప్రకటనపత్రములను అచ్చువేయించిరి. భోజనముతో చదువునకు ఏటికి 35 పౌనులు రుసుముగా నిర్ణయించిరి. ఒక్క బాలికయు రాలేదు. 1846లో ముగ్గురును మారుపేర్లతో ప్రచురించిన పద్యసంపుటము రెండు ప్రతులు మాత్రమే అమ్ముడుపోయెను. బ్రస్సెల్సు జీవితమును ఆధారము చేసికొని వ్రాసిన ప్రొఫెసరు అను నవలను ప్రకాశకులు వరుసగా త్రిప్పిపంపిరి. అయినను ఆమె కలము విడువక వ్రాసిన జేన్ ఐర్ 1847లో వెలువడి ప్రఖ్యాతి గాంచెను. కథానాయిక ఇంటి యుపాధ్యాయినియే.

ఆ కీర్తిని అనుభవించుటకు ముందే ఇల్లు శూన్యమయ్యెను. 1848లో తమ్ముడు బ్రాన్‌వెల్, ఎమిలీ, 1849లో చెల్లెలు ఆన్ మరణించిరి. 1853లో ఆమె రచించిన విల్లెట్ నవలలో పరదేశమున ఆంగ్లము చెప్పు పంతులమ్మ, శూన్యమైన పాఠశాల, దీర్ఘావకాశపు వేదన, తరగతిని తీవ్రముగా శాసించు ఉపాధ్యాయుడు, అన్నియు కానవచ్చును. 1854లో ఆమె ఆర్థర్ బెల్ నికోల్సుగారిని వివాహమాడి, 1855 మార్చి 31వ తేదీన 38 ఏండ్ల ప్రాయమున దివంగతురాలయ్యెను. పూర్వము త్రిప్పిపంపబడిన ప్రొఫెసరు 1857లో అచ్చయ్యెను.

తలిదండ్రులు తమ బిడ్డ చదువు వ్యర్థమయ్యెనని తొందరపడి విచారింపకుందురు గాక. షార్లెట్ పాఠశాలకు పిల్లలు రాలేదు గాని, హెజేగారు ఆమె వ్రాత పైన గీచిన గీత యొక్కటియు వ్యర్థము కాలేదు. విద్యార్థులారా, మీ వ్యాసపుస్తకములలో ఎఱ్ఱసిరా కనబడినపుడు అలుగకుడు. దూరపు ఊరినుండి వచ్చి మీకు పాఠము చెప్పు పంతులమ్మగారు సెలవుదినములలో ఒంటరిగా నున్నచో, పోయి పలుకరింపుడు. షార్లెట్‌కు ఆ దీర్ఘావకాశమున లభింపనిది అదియే.