ధాన్యకటకము చూచిన చీనా యాత్రికుడు

బడిలో చదువుకొన్న చరిత్ర పుస్తకములలో హ్యూయన్‌త్సాంగు బొమ్మను మనలో చాలమంది చూచియుందురు. వీపున గ్రంథముల బుట్ట, నెత్తిమీదికి వంగిన గొడుగు, కాళ్లకు చెప్పులు. ఆయన నాలందలో చదివెననియు, హర్షుని కొలువునకు వచ్చెననియు పరీక్షకొరకు కంఠస్థము చేసినాము. కాని కృష్ణాతీరమున మన ధాన్యకటకములో ఆయన కొన్ని మాసములు నిలిచి చదువుకొన్న సంగతి పాఠములలో ఒక్క వాక్యముతోనే ముగిసిపోవుచుండును. ఈ ఉగాదినాడు ఆ ఒక్క వాక్యమును కొంచెము పెంచి చెప్పుకొందము.

ఆయన 602 ప్రాంతమున లోయాంగు నగర సమీపమున జన్మించినాడు. తండ్రి చిన్ననాడే గతించగా, అంతకుమునుపే భిక్షువైన అన్నగారి వెంట మఠము చేరినాడు. చదివినకొద్దీ సందేహములు పెరిగినవి. ఒకే సూత్రమునకు ఒక్కొక్క గురువు ఒక్కొక్క అర్థము చెప్పుచుండెను. మూలము చూడనిదే లాభము లేదని భారతదేశమునకు పోవ నిశ్చయించినాడు. ఆ కాలమున పొలిమేరలు దాటరాదని రాజాజ్ఞ. అనుమతి కోరినాడు, దొరకలేదు. 629లో చాటుగా బయలుదేరినాడు.

ఎడారిలో నీటితిత్తి చేయిజారి ఒలికిపోగా నాలుగు రాత్రులు చుక్క నీరు లేక నడచినాడు. తుర్ఫాను రాజు భక్తి ముదిరి, తన ఊరిలోనే ఉండిపొమ్మని నిర్బంధించినాడు. మూడు దినములు అన్నము ముట్టకపోవుటతో రాజు దిగివచ్చి, తిరుగు ప్రయాణమున మూడేండ్లు తనయొద్ద ఉండవలెనని మాట తీసికొని, దారిలోని రాజులకు ఉత్తరములిచ్చి సాగనంపినాడు.

నాలందలో వృద్ధుడైన శీలభద్రాచార్యుని పాదములకడ సుమారు అయిదేండ్లు చదివినాడు. అంతటితో తృప్తిపడి ఇల్లు చేరియున్నను తప్పు పట్టువారు లేరు. ఆయన మాత్రము తూర్పున వంగదేశము చూచి, ఓఢ్రము, కళింగము, దక్షిణ కోసలము మీదుగా 639–40 ప్రాంతమున ఆంధ్రదేశమున అడుగుపెట్టినాడు. ఆయన వ్రాతలో కనబడు రాజధాని వేంగియే యని పండితుల అభిప్రాయము. అక్కడ ఇరువది విహారములు, మూడువేల భిక్షువులు ఉన్నట్లు లెక్క వ్రాసికొన్నాడు. ఇచ్చటి భాష మధ్యదేశపు భాషకంటె వేరనియు, అక్షరముల రూపము మాత్రము చాలవరకు ఒకటేననియు గుర్తించినాడు. కొత్త ఊరిలో ముందుగా చెవికి తగులునది భాషయే గదా. ఇది మన కుటుంబములవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అచటినుండి ధాన్యకటకము. ఇది నేటి అమరావతి, ధరణికోటల తావని ఎక్కువమంది మతము. బెజవాడ యనువారును కలరు. ఆయన చేరునప్పటికి ఆ విహారనగరపు మంచి రోజులు వెళ్లిపోయినవి. మఠములు కొల్లలుగా ఉన్నవి గాని పెక్కు పాడుపడినవి. నిలిచినవి ఇరువది, భిక్షువులు వేయిమంది. ఊరికి తూర్పున, పడమట కొండలపై పూర్వశైల, అపరశైల విహారములు నూరేండ్లుగా నిర్మానుష్యములై యుండెను. కొండదేవత తోడేలుగను, కోతిగను మారి భిక్షువులను బెదరగొట్టెనని జనులు చెప్పుకొనుచుండిరి. దక్షిణపు కొండలో భావవివేకాచార్యుడు మైత్రేయుని రాకకై నేటికిని వేచియున్నాడన్న కథయు విన్నాడు. ఇక్కడివారు ఉద్రేకస్వభావులే యైనను విద్యాప్రియులని వ్రాసినాడు. మొదటి మాట మనము కాదనలేము. రెండవది మనకు సంతోషము.

చిత్రమేమనగా, నేడు లోకమంతయు కొనియాడు అమరావతి మహాచైత్యము ఆయన గ్రంథములో స్పష్టముగా కనబడదు. ఆయన శిష్యుడు హ్వీలి వ్రాసిన జీవితచరిత్రలో మాత్రము ఇద్దరు మనుష్యుల పేర్లు మిగిలినవి: సుభూతి, సూర్యుడు. వీరు మహాసాంఘికుల త్రిపిటకమున దిట్టలు. నాలందలో ఆరితేరిన పండితుడు పాడుపడుచున్న ఊరిలో వీరియొద్ద శిష్యుడుగా కూర్చుండి, కొన్ని మాసములు వారి అభిధర్మము చదివినాడు. వారును ఆయనయొద్ద మహాయాన శాస్త్రములు చదివినారు. చదువు ముగిసి, మనసులు కలిసి, ముగ్గురును కూడి పుణ్యక్షేత్రములు దర్శింప బయలుదేరినారు.

కంచి వరకు పోయి, సింహళమున కరవని విని సముద్రము దాటక, కొంకణపురము మీదుగా రెండవ పులకేశి ఏలుచున్న మహారాష్ట్రము చేరి, తుదకు నాలందకు మరలినాడు. హర్షుని సభ, సన్మానములు అందరెరిగినవే.

ఇంటిదారిలో సింధునది దాటునప్పుడు పడవ అల్లాడి, కొన్ని వ్రాతప్రతులును, వెంట తీసికొనిపోవు పూలవిత్తనములును నీటిపాలైనవి. తుర్ఫాను రాజునకిచ్చిన మాట చెల్లించుకొనుటకు ఆ రాజే లేడు; 640లో చీనా సేనలు ఆ రాజ్యమును కలిపివేసికొన్నవి. 645లో రాజధాని చాంగాను చేరినప్పుడు చాటుగా పోయినవానికి ఊరేగింపు ఎదురువచ్చినది. చక్రవర్తి కొలువులో పదవి ఇచ్చెదననగా వలదని, 664లో కన్నుమూయువరకు అనువాదములోనే గడిపినాడు. డెబ్బదియైదు గ్రంథములు చీనాభాషకు దక్కినవి.

ఇరువది గుర్రములపై ఆయన తెచ్చిన గ్రంథములు 657. వానిలో 15 మహాసాంఘికులవి. సుభూతి, సూర్యుల శాఖవి. ఆ గ్రంథములను భద్రపరచుటకై 652లో కట్టించిన గోపురము, తరువాత పెంచి కట్టబడి, నేటికిని సియాను నగరమున నిలిచియున్నది. అమరావతిలో ఇప్పుడు పోయి చూచినచో చైత్యపు దిబ్బయు, మ్యూజియములో కొన్ని ఫలకములును కనబడును. తక్కిన రాళ్లలో చాలభాగము చెన్నై ఎగ్మూరు మ్యూజియములోను, లండనులోను ఉన్నవి. తమిళనాటి మనవారికి అవి ఇంటిదారిలోనివే. ఒక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని పోవచ్చును.